కోడలి సాధన, అత్తగారి సాధింపు

అనగనగా అంటాను నేను. మీరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టడం మానేశారో, కథ మొదటికొస్తుంది, ముందే చెప్తున్నాను.

అనగనగా తుమ్మెదలకోట అని ఒక రాజ్యం. మలయభూపతి అనే రాజు దాన్ని ఏలేవాడు. ఎంత రాజ్యమంటారా? రాజుగారు బురుజెక్కి గట్టిగా తుమ్మితే, పొలిమేర అవతల పక్కరాజు "చిరంజీవ" అనేవాడట. అంత చిన్నది. చిన్నదైతేనేం, పాడీ పంటా ఉన్న రాజ్యం, ఆటా పాటా తెలిసిన రాజ్యం.

అక్కడ ఏటా ఏరువాక పున్నమికి ఒక వేడుక జరిగేది. ఆనాడు రాజుగారు స్వయంగా నాగలి పట్టి మొదటి చాలు దున్నేవారు. ఆయన దున్నితేగానీ ఊళ్లో రైతులెవరూ నాగలి కట్టేవారు కాదు. ఆయన నాగలి పట్టాలంటే ముందు కోట ముంగిట్లో వీణ మీద తొలకరి వర్ణం మోగాలి. చినుకు చినుకుగా మొదలై, చివరికి కుండపోతగా కురిసి ఆగే పాట అది. పైగా దానికో కట్టుబాటు ఉంది. పల్లవి మొదలుకొని చివరి చరణం దాకా తాళం ఆగకూడదు. తాళం ఆగితే పాట తెగినట్టే. తెగితే మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేదు. కురిసిన వానని మళ్లీ మొదటి చినుకు నుంచి కురవమంటామా అనేవారు పెద్దలు.

ఆ వర్ణం వాయించే హక్కు వీణ సోమన్నగారి ఇంటిది. వాళ్లింట్లో ఏకాండి వీణ ఒకటి ఉండేది. అతుకు లేకుండా, ఒకే పనసమాను తొలిచి చేసిన వీణ అన్నమాట. మలయభూపతి తాతగారు సోమన్న తాతగారికి దాన్ని ఇస్తూ, "వర్ణం వాయించే చెయ్యి మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇది మీ ఇంట్లో ఉంటుంది. ఆ చెయ్యి లేనినాడు కోటకి తిరిగొస్తుంది" అన్నారు.

అలా సాగుతుండగా ఒక ఏడు సోమన్నగారి వేళ్లకి వాతం వచ్చింది. పిడికిలి ముడిస్తే విప్పలేడు, విప్పితే ముడవలేడు. కొడుకు మాచన ఉన్నాడుగానీ, పాపం, వాడి చేతిలో తాళం ఉంది, వేళ్లలో రాగం లేదు. తాళం వెయ్యమంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా తూచినట్టు వేస్తాడు. వీణ ముట్టుకున్నాడా, ఇంట్లో పిల్లి గోడ దూకేది.

ఇక మిగిలింది కోడలు చెంగల్వ. ఈ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. చెంగల్వని వాళ్ల నాన్న గానుగల కాంతయ్యగారింటికి ఇద్దామనుకున్నాడు. కలిగిన ఇల్లు, పెట్టిపోతలకి లోటులేదు. ఈ పిల్ల ససేమిరా అంది. "గానుగ చుట్టూ తిరగడానికా నేను పుట్టింది? నన్ను ఏకాండి వీణ ఉన్న ఇంటికివ్వండి" అని మంకుపట్టు పట్టి మరీ సోమన్నగారింటికి కోడలై వచ్చింది. ఆయన వాయిస్తుంటే గుమ్మంలో కూర్చుని విని, ఆయన నిద్రపోయినప్పుడు మెల్లగా మీటి, అలా అలా వర్ణం చాలావరకు పట్టేసింది.

ఒకనాడు కోట నుంచి కోశాధికారి గుండయ వచ్చాడు. గుండయ చెడ్డవాడు కాదు. వస్తువు ఏదైనా గోడకి వేలాడుతుంటేనే భద్రంగా ఉన్నట్టు అనుకునే రకం. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "సోమన్నగారూ, ఈ ఏరువాకకి వాయించేదెవరు? మీ చెయ్యి చూస్తే అలా ఉంది. నేను మాత్రం మా బొక్కసంలో వీణ కోసం మంచి చోటు చూసి మేకు కొట్టించి ఉంచాను" అన్నాడు.

సోమన్నగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చెంగల్వ చూసింది.

"నేను వాయిస్తాను" అంది తలుపు చాటు నుంచి.

"నువ్వా?" అన్నాడు గుండయ.

"నువ్వా!" అంది అత్తగారు పేరిందేవమ్మ.

"తనే" అన్నాడు మాచన, అంటూనే అమ్మవైపు చూసి చప్పున నోరు మూసుకున్నాడు.

మాట ఇచ్చేసింది. నిలబెట్టుకోవాలి. ఆ వీణ ఇల్లు దాటితే సోమన్నగారు ఎక్కువకాలం ఉండరని అందరికీ తెలుసు. దానికోసం వచ్చిన తానూ ఈ ఇంట్లో ఉత్త గిన్నెలు తోముకుంటూ బతకాలని చెంగల్వకీ తెలుసు. ఎండాకాలమంతా చేతిలో ఉంది. మర్నాటినుంచే సాధనకి కూర్చుంది.

మరి అంత వచ్చినమ్మాయికి చిక్కేమిటంటారా? ఉంది. చరణంలో ఒకచోట పై మెట్టు మీద తీగని లాగి పట్టుకోవాలి. ఆ నాదం ఆరిపోకముందే కింది మెట్టుకి దిగాలి. ఆ ఇంట్లో ఆ చోటుకి వాగుదాటు అని పేరు. పల్లవి చక్కగా వచ్చేది. అనుపల్లవి అంతకంటే చక్కగా వచ్చేది. తీరా వాగుదాటు దగ్గరికి రాగానే వేలు జారి, తీగ జుయ్‌మని ఏడ్చేది.

"అయ్యో! మళ్లీ మొదటికి!" అనేది చెంగల్వ. అని, పల్లవి నుంచి ఎత్తుకునేది.

ఎందుకంటే ఆ ఇంటి ఆచారం అది. పాటని నడుమ ఎత్తుకోకూడదు. పాట నడుమ ఎత్తుకోవడం, అన్నం నడుమ లేవడం రెండూ దరిద్రం అని పేరిందేవమ్మ పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది. కాబట్టి ఎక్కడ తప్పినా మొదటికే. పల్లవి, అనుపల్లవి, వాగుదాటు, జుయ్. మళ్లీ పల్లవి, అనుపల్లవి, వాగుదాటు, జుయ్!

ఇలా సాగేసరికి ఏమైందో తెలుసా? వీధి వీధంతా పల్లవి నేర్చేసుకుంది. చల్లమ్మే ఓబులమ్మ పల్లవి కూనిరాగం తీస్తూ కుండ దించేది. చాకలి రేవులో బట్టల మీద అనుపల్లవి పడేది. అందరూ వాగుదాటు దాకా వచ్చి ఆగిపోయేవారు. ఆ తర్వాతి ముక్క రోజూ చెవిన పడితేగా నోటికొచ్చేది! ఆ ఇంటి చూరులో ఒక గోరువంక ఉండేది. అదైతే పల్లవంతా ఈలవేసి, చివర్న జుయ్ అని, "అయ్యో! మళ్లీ మొదటికి!" అని అచ్చం చెంగల్వ గొంతుతో అనేది. చూశారా, తప్పుని కూడా ఎంత చక్కగా నేర్చుకుందో!

చెంగల్వకి దిగులు పట్టుకుంది. మామగారి మంచం దగ్గరికి వెళ్లింది.

"మామయ్యా, వర్ణం ఎలా వాయించాలో చెప్పరూ?"

సోమన్నగారు ఆలోచించాడు. "ఎలా అంటే ఏం చెప్పనమ్మా? మా నాన్న వాయించాడు, నేను విన్నాను, వచ్చేసింది. ఇంకా వాయించు. వాయించగా వాయించగా అదే వస్తుంది" అన్నాడు.

పుట్టుకతో ఈత వచ్చిన చేప, మునిగేవాడికి ఏం చెప్తుంది చెప్పండి? చెంగల్వ ఇంకా వాయించింది. తెల్లారుతూనే కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. వంట ఒక చేత్తో, వీణ ఒక చేత్తో. పల్లవి వెండిగిన్నెలా మెరిసిపోయింది. వాగుదాటు మాత్రం మట్టిబెడ్డలా అలాగే ఉంది. పైపెచ్చు వేళ్లు వాచి, పొక్కులు లేచి, జొన్నరొట్టె తుంచాలన్నా ప్రాణం పోయేది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది మరి.

ఇది కాదని పక్కింటి కొమ్మయని అడిగింది. కొమ్మయ మద్దెల వాయించేవాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుంది అంటారే, సరిగ్గా అదే జరిగింది. కొమ్మయ మీసం మెలేసి, "ఓస్, ఇంతేనా చెల్లెమ్మా! తప్పొచ్చే చోట ఆగి నిలబడతావెందుకు? వేగంగా పో! నువ్వు పరిగెడితే తప్పు కూడా నీతోపాటు పరిగెడుతుంది. ఇక దాన్ని పట్టుకునేదెవడు?" అన్నాడు.

బాగానే ఉందే అనుకుంది చెంగల్వ. ఆ పూట వర్ణాన్ని గుర్రమెక్కించింది. అబ్బో, ఏం పరుగు! వాగుదాటులో వేలు జారింది. జారిన వేలు పక్క మెట్టుకి తగిలింది. ఆ కంగారులో అంతవరకూ బాగున్న అనుపల్లవి కూడా గాడి తప్పింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"బాగుంది చెల్లెమ్మా, తప్పు నాకు వినపళ్లేదు" అన్నాడు కొమ్మయ గోడ అవతల నుంచి. వాడికి మద్దెల మోతలో ఏది వినిపించింది గనక!

మొదటి ఉపాయం వేళ్లని తినేసింది. రెండోది పాటని తినేసింది. ఎండలు ముదిరి, మబ్బులు అక్కడక్కడా కనిపించడం మొదలైంది. గుండయ మనిషిని పంపి వీణకి గలీబు కుట్టించడానికి కొలతలు కూడా తీసుకుపోయాడు. ఆ మనిషి తాడుతో వీణని కొలుస్తుంటే సోమన్నగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం. చెంగల్వ వాగుదాటు దగ్గర ఎన్నోసారో తప్పి, వీణ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి అందరికీ వడ్డించింది. పేరిందేవమ్మ పప్పు కలుపుకుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అంతే, గోరుచుట్టు మీద రోకటిపోటు!

"పప్పులో ఉప్పు తగ్గింది! నేను పెళ్లినాడే అనుకున్నాను. విడిదింట్లో మీవాళ్లు పెట్టిన పులిహోరలోనూ ఉప్పు లేదు. మీ మేనత్త నాకు బొట్టు పెట్టడం మర్చిపోయింది. గృహప్రవేశంలో నువ్వు ఎడంకాలు ముందు పెట్టబోయావు, నేను పట్టుకున్నాను గనక సరిపోయింది. మొదటి అట్లతద్దికి అట్లు మాడ్చావు..."

ఆవిడ దండకం ఎప్పుడూ పెళ్లిపందిట్లోనే మొదలయ్యేది. చెంబు జారినా, చారు పొంగినా, పాలు విరిగినా సరే, ముందు పెళ్లి, తర్వాత పులిహోర, తర్వాత మేనత్త. మాచన మొహం అడకత్తెరలో పోకచెక్కలా అయింది. తలెత్తకుండా తింటున్నాడు.

రోజూ ఊరుకునే చెంగల్వ ఆరోజు ఊరుకోలేదు. గరిటె కింద పెట్టింది.

"అత్తమ్మా! ఉప్పు తగ్గితే ఉప్పు తగ్గిందనండి, చిటికెడు వేస్తాను, అయిపోతుంది. ప్రతిసారీ పెళ్లిపందిరి దగ్గర్నుంచి ఎత్తుకుంటే పప్పులోకి ఉప్పొస్తుందా? ఎందుకిలా నన్ను సాధిస్తారు?"

మాచన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

పేరిందేవమ్మ సామాన్యురాలా? "సాధిస్తున్నానా? నేనా?" అని లేచింది. "నేను నిన్ను సాధిస్తుంటే, మరి నువ్వు ఆ వీణని చేసేదేమిటమ్మా? ఒక్కచోట వేలు జారినందుకు పల్లవి దగ్గర్నుంచి ఎత్తుకుని పొద్దస్తమానం దాన్ని సాధించడం లేదూ? నోరులేనిది గనక పడుతోంది. నాకు చెప్పొచ్చావు, నాకు!"

చూరులోంచి గోరువంక అంది: "అయ్యో! మళ్లీ మొదటికి!"

చెంగల్వ అత్తగారి మొహంలోకి చూసింది, వీణవైపు చూసింది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ వెళ్లి అత్తగారి కాళ్లకి దండం పెట్టేసింది.

"ఇదేమిటిరా మాచనా, తిడితే దండం పెడుతోంది? దీనికేమైనా గాలి సోకిందా?" అని పేరిందేవమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

గాలీ లేదు, ధూళీ లేదు. పిల్లలూ, మన భాషలో ఒక తమాషా ఉంది. పట్టుబట్టి నేర్చుకుంటే సాధన అంటాం. పదే పదే దెప్పిపొడిస్తే సాధింపు అంటాం. రెండూ ఒక్క తల్లి పిల్లలే. రెండిట్లోనూ చేసిందే చేస్తాం, అన్నదే అంటాం. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. ఇన్నాళ్లూ తాను వీణ ముందు కూర్చుని చేసింది రెండోదని చెంగల్వకి ఆ పప్పు ముందు తెలిసింది.

ఆ సాయంత్రం వీణ ఒళ్లో పెట్టుకుంది. పల్లవి ఎత్తలేదు. అనుపల్లవి జోలికి పోలేదు. నేరుగా వాగుదాటు మీద వేలు పెట్టింది. అదీ ఎంత నెమ్మదిగా? నిండు బిందె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగే మనిషి నడిచినంత నెమ్మదిగా.

"ఆగు!" అని మంచం మీద నుంచి సోమన్నగారు కేకేశాడు. "వర్ణాన్ని నడుమ విరుస్తావా? అపచారం! మా తాతల నాటి నుంచి ఈ ఇంట్లో అలా జరగలేదు!"

చెంగల్వ లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. "మామయ్యా, మన ఇంటికప్పు మీద ఒక పెంకు పగిలి వాన కారుతుంటే, ఆ ఒక్క పెంకు మారుస్తామా, కప్పంతా ఊడబీకి మొదటినుంచి నేస్తామా?"

సోమన్నగారు కప్పువైపు చూశాడు.

"పదిమందిలో వాయించేటప్పుడు నడుమ విరవను, ఒట్టు. ఇది వాయించడం కాదు మామయ్యా, పెంకు మార్చడం" అంది.

ఆయన మొహం ఇంకా ముడుచుకునే ఉందిగానీ, వద్దని మాత్రం అనలేదు. చెంగల్వ మళ్లీ కూర్చుంది. అంత నెమ్మదిగా మీటితే ఒక వింత కనిపించింది. తప్పు వాగుదాటులో లేదు! దానికి ముందున్న స్వరంలో ఉంది. తీగ లాగినప్పుడు రెండు వేళ్లూ బిగించి పట్టేస్తోంది. రెండూ ఒకేసారి లేచి కిందికి దిగాలనేసరికి ఆలస్యమైపోతోంది. కాలు జారింది గుమ్మం దగ్గరైనా నూనె ఒలికింది వంటింట్లో అన్నమాట.

వెంటనే లేచి మళ్లీ మామగారి దగ్గరికి పరిగెత్తింది. ఈసారి వర్ణం ఎలా వాయించాలని అడగలేదు.

"మామయ్యా, తీగ లాగి పట్టుకున్నప్పుడు మీ చూపుడు వేలు ఎక్కడుంటుంది?"

సోమన్నగారు ఉలిక్కిపడ్డాడు. ఇంత వయసొచ్చినా ఆయన్ని ఎవరూ ఇలా అడగలేదు. మంచంకోడు మీద బిగుసుకుపోయిన వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, నోటితో వర్ణం పాడుకున్నాడు. నొప్పికి పళ్లు బిగబట్టి వేళ్లు కదిపాడు.

"ఆఁ... నడిమి వేలే తీగని పట్టుకుని ఉంటుందే! చూపుడు వేలు అప్పటికే కింది మెట్టు మీదికి వెళ్లి కూర్చుంటుంది. ఈ సంగతి నాకే తెలియదు సుమా!" అన్నాడు. ఆశ్చర్యంతో ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

వాగుదాటు మొత్తం రహస్యం అదే. పెద్ద ప్రశ్నకి ఏ గురువూ జవాబు చెప్పలేడు. చిన్న ప్రశ్న అడిగితే మంచంకోడు కూడా జవాబు చెప్తుంది.

ఇక అక్కడ్నుంచి చూడండి ఆ పిల్ల పద్ధతి! ముందు ఆ రెండు మెట్ల మధ్య దిగడం ఒక్కటే, నిదానంగా, తప్పు రాకుండా. అది కుదిరాక దానికి ముందున్న ముక్క తగిలించింది. అది కుదిరాక తర్వాతి ముక్క తగిలించింది. ఎక్కడైనా వేలు తడబడితే అక్కడే ఆగి, "ఎందుకు తడబడ్డావు?" అని వేలినే అడిగేది. పల్లవికి పరిగెత్తేది కాదు. వేలు అలిసిందనిపిస్తే వీణ గోడకి ఆనించి లేచిపోయేది. అలిసిన వేలు తప్పునే నేర్చుకుంటుందని ఆమెకి ఇప్పుడు తెలుసు. కొన్నాళ్లకి చరణాన్ని చివరి ముక్క నుంచి వెనక్కి వాయించుకుంటూ వచ్చింది. అందరికీ మొదలు బాగా వచ్చి చివర్న నీరసం వస్తుందిగా, ఆమెకి ముగింపు అన్నిటికంటే బలంగా తయారైంది.

మాచన కూడా ఊరుకోలేదు. చెంగల్వ వీణ శ్రుతి చేసుకుంటుంటే, కట్టెలు కొడుతూ పెరట్లోంచి, "చరణం, మూడో ముక్క!" అని అరిచేవాడు. ఆమె చటుక్కున అక్కడ్నుంచి ఎత్తుకోవాలి. "అనుపల్లవి, చివర!" అనేవాడు. ఎత్తుకునేది. గొడ్డలితోనే తాళం వేసేవాడు. మొగుడూ పెళ్లాలకి అదో ఆట అయిపోయింది.

మరి పేరిందేవమ్మ? ఆవిడకీ కోడలన్న మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ఒకనాడు చారు నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. పెళ్లిపందిరి నాలిక చివరిదాకా వచ్చింది. చెంపలు ఉబ్బాయి. కళ్లు ఎర్రబడ్డాయి. అందరూ ఊపిరి బిగబట్టారు.

"పులుపు... ఎక్కువైంది" అంది. అంతే అంది! అని గుటుక్కున నీళ్లు తాగేసింది. చెంగల్వ కాసిని నీళ్లు పోసి మరగబెట్టి ఇచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో అందరికీ రెండు ముద్దలు ఎక్కువ దిగాయి.

తొలకరి పడింది. ఏరువాక పున్నమి వచ్చింది. కోట ముంగిలి జనంతో కిక్కిరిసిపోయింది. ఒకపక్క పసుపు కుంకుమలతో, గంటల పట్టెడలతో రాజుగారి కాడెద్దులు. ఒకపక్క ఆసనం మీద మలయభూపతి. ఆయన పక్కనే గలీబు చంకలో పెట్టుకుని కోశాధికారి గుండయ. సోమన్నగారిని మంచంతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. చెంగల్వ రాజుకి, మామగారికి, అత్తగారికి మొక్కి, వీణ ఒళ్లోకి తీసుకుంది. మాచన పక్కన కూర్చుని తాళం మొదలుపెట్టాడు.

పల్లవి చినుకుల్లా పడింది. అనుపల్లవి జల్లైంది. జనం తలలూపుతున్నారు. చరణం మొదలైంది. సరిగ్గా అప్పుడు, ఎక్కడో బురుజు మీద కొమ్ము ఊదేవాడికి తొందరెక్కువై, పాట అయిపోయిందనుకుని, భోంయ్‌మని కొమ్ము ఊదేశాడు.

ఎద్దులకి ఆ కూత అంటే పొలానికి పదమని అర్థం. ఒక ఎద్దు పలుపు తెంపుకుంది. గంటలు గణగణలాడిస్తూ, జనాన్ని చీల్చుకుంటూ, తోక పైకెత్తి ముంగిలికి అడ్డంగా ఒకటే పరుగు! "పట్టుకో! పట్టుకో!" అని కేకలు. వెళ్తూ వెళ్తూ అది మాచన తలపాగా ఎగరగొట్టి పోయింది. చెంగల్వ వీణకి అడ్డంగా వంగి, రెండు చేతులతో దాన్ని కాపాడుకుంది. తీగలు మూగబోయాయి.

"తెగింది!" అని గుండయ లేచాడు. "పాట తెగింది!"

సోమన్నగారు కళ్లు మూసుకున్నాడు.

చెంగల్వకి పాటలో తానెక్కడుందో తెలియలేదు. తలెత్తి చూసింది. జుట్టు రేగిపోయి, మొహాన దుమ్ము కొట్టుకుని, మాచన కూర్చుని ఉన్నాడు. వాడి చెయ్యి మాత్రం తొడ మీద పడుతూనే ఉంది. ఒకటి, రెండు, తిప్పు. ఒకటి, రెండు, తిప్పు. ఆ చేతిని ఒక్క క్షణం చూసింది. ఆ దెబ్బ మీద ఏ ముక్క రావాలో ఆమె వేళ్లకి తెలుసు. పల్లవికి పోలేదు. అనుపల్లవికి పోలేదు. చరణం మూడో ముక్కలో, తాళం సరిగ్గా కింద పడేచోట అడుగుపెట్టింది. ఆ వెంటనే వచ్చేది వాగుదాటు. నడిమి వేలు తీగని లాగి పట్టుకుంది. చూపుడు వేలు అప్పటికే కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఇటు నుంచి అటు ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత కురిసింది చూడండి వాన! చెంగల్వ చేతి మీద వీధి జనం అంతవరకూ ముక్కలు ముక్కలుగానే విన్న ముగింపు అది. చల్లమ్మే ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చివరి స్వరం మోగి ఆగేసరికి ముంగిట్లో పిట్ట కూడా కదల్లేదు.

రాజుగారు గుండయవైపు తిరిగాడు. "కోశాధికారీ, కట్టుబాటు ఏమిటి?"

"తాళం ఆగితే పాట తెగినట్టు ప్రభూ."

"మాచనా, నీ చెయ్యి ఆగిందా?"

మాచన ఇంకా తొడ మీద కొడుతూనే ఉన్నాడు. "ఇంకా లేదు ప్రభూ. ఇక ఆపమంటారా?" అన్నాడు అమాయకంగా.

ముంగిలంతా గొల్లుమంది. రాజుగారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. గుండయ కట్టుబాటు మనిషి, అడ్డగోలు మనిషి కాదు. "తాళం ఆగలేదు. కాబట్టి పాట తెగలేదు. ఒప్పుకుంటున్నాను" అని గలీబు చంకలోంచి తీసి, మడిచి కింద పెట్టేశాడు.

"అమ్మా," అన్నాడు మలయభూపతి, "మా ఎద్దు నీ పాటని తొక్కేసిపోయింది. ఇంకెవరైనా అయితే బెదిరిపోయి మళ్లీ మొదటికి పోయేవారు. నీకెలా సాధ్యమైంది?"

"ఇదివరకు ఈ పాటకి నాకు ఒకటే గుమ్మం ఉండేది ప్రభూ, పల్లవి. ఇప్పుడు ఎక్కడ్నుంచైనా లోపలికి రాగలను" అంది చెంగల్వ.

పారిపోయిన ఎద్దుని పట్టి తెచ్చి కాడికి కట్టాక, రాజుగారు నాగలి పట్టి మొదటి చాలు దున్నడానికి వెళ్లాడు. వీణని కోటలోకి తీసుకుపోదామని గుండయ తెప్పించిన బండిలోనే సోమన్నగారిని కూర్చోబెట్టి, వీణని ఆయన ఒళ్లో పెట్టి ఇంటికి పంపించారు. దారి పొడుగునా ఆ ముసలాయన బిగుసుకున్న వేళ్లతో వీణని పట్టుకుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు. "నాతోనే పోతుందనుకున్నానమ్మా, నా తర్వాత కూడా ఉంటుంది!" అని కోడలితో మళ్లీ మళ్లీ అన్నాడు.

అందుకే పిల్లలూ, తప్పిన చోట ఆగి, ఎందుకు తప్పిందో చూసి దిద్దుకునేది సాధన. తప్పినప్పుడల్లా మొదటికి పరిగెత్తేది ఒట్టి సాధింపు.